వీరేశలింగము పంతులుగారి ఆడుమలయాళము

గోదావరీ తీరమునందలి రాజమహేంద్రవరమున 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు జన్మించిరి. వారికి నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి సుబ్బరాయుడుగారు గతించిరి. తల్లి పున్నమ్మగారు కుమారుని పెంచి పెద్దవానిని జేసిరి. వితంతువు బ్రతుకెట్టిదో పంతులుగారు పుస్తకములలో గాక తమ యింటనే చూచిరి.

పెరిగి ఉపాధ్యాయులైన పిదప 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. ఆ యేడే వివేకవర్ధని పత్రికను నెలకొల్పి దురాచారములను ఖండింప నారంభించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఛాందసులు వారిని వెలివేసిరి. వంటవారును, నీళ్లు మోయువారును రామనిరి. అపుడు పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకొని గోదావరినుండి నీరు తెచ్చిరి. తామే వంట చేసిరి.

ఇంత జరిగినను వాదములకు లొంగనివారు పెక్కుమంది మిగిలిరి. తనకు తగిలినగాని పరుల బాధ మనుజునకు దెలియదు. పురుషుని స్త్రీ స్థానమున నిలుపుట లోకమున సాధ్యము గాకున్నను, కథలో సాధ్యమే. కావున పంతులుగారు 1726లో వెలువడిన స్విఫ్టుగారి గలివరు యాత్రలను ఒరవడిగా గైకొని సత్యరాజా పూర్వదేశ యాత్రలను రచించిరి.

అందు సత్యరాజు ఆడుమలయాళమను వింతదేశమును జేరును. అచట అధికారమంతయు స్త్రీలదే. పురుషులు వారికి లోబడి మెలగవలయును. పత్నీవ్రతమే వారికి పరమధర్మము. తన దేశమున స్త్రీలకు విధించిన కట్టుబాట్లు అచట పురుషులకు విధింపబడుట చూచి సత్యరాజు విస్తుపోవును. చదువరి మొదట నవ్వును. ఆ నియమములు తన యింటివే యని గుర్తించినంతనే యోచనలో పడును.

లేని లోకమును కల్పించి ఉన్న లోకమును పరీక్షించుట నేటి విజ్ఞాన కల్పనా కథలలోను గలదు. 1905లో రొకేయా అను వంగదేశపు రచయిత్రి సుల్తానా స్వప్నమను కథను మద్రాసు పత్రిక యొకదానియందు ప్రకటించిరి. అందు స్త్రీలు సూర్యుని వేడిమిని వినియోగించుకొనుచు, ఆకసమున వాహనములు నడుపుచు రాజ్యమేలుదురు. ఆ లోకమును చూచునది స్త్రీ, ఆమె సంతోషించును. పంతులుగారి లోకమును చూచువాడు పురుషుడు, అతడు కలవరపడును. సత్యవతీ చరిత్రమున స్త్రీనే నాయికగా నిలిపిన పంతులుగారు, ఇందు మాత్రము పురుషుని కన్నులనే తెరిపింప జూచిరి. నాటి చదువరులలో పెక్కుమంది పురుషులే గదా!

పంతులుగారు 1919 మే 27వ తేదీన మద్రాసున పరమపదించిరి. హైదరాబాదున ట్యాంకుబండుపై నిలిపిన తెలుగు ప్రముఖుల విగ్రహములలో వారిదియు నొకటి. ఇతరుల స్థానమున తన్ను నిలుపుకొని చూచుటయే న్యాయబుద్ధికి తొలిమెట్టని వారి కథ మనకు బోధించుచున్నది.