ఉప్పు వెనక ఒక తెలుగు డాక్టరు

మా కర్నూలు, కడప వైపు చంటిబిడ్డ ఏడవకుండా పడుకుంటే చూడ్డానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటారు. ఎంత నెమ్మదస్తుడో, తల్లిని సతాయించడు అంటారు. చాలామటుకు అది నిజమే. ఎప్పుడో ఒక బిడ్డ విషయంలో మాత్రం ఆ నిద్ర నెమ్మదితనం కాదు, థైరాయిడ్ లోపం. పెద్దవాళ్లకు అనుమానం వచ్చేలోగా మెదడుకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. థైరాయిడ్‌కీ పసివాళ్ల బుద్ధికీ ఉన్న ఈ ముడిని దేశం పట్టించుకునేలా చేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు డాక్టర్ వులిమిరి రామలింగస్వామిది.

ఆయన 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్రా వైద్య కళాశాలలో చదివి, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో చేరారు. తర్వాత హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది అదే. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేటు తెచ్చుకున్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ ప్రొఫెసరయ్యారు. పాథాలజీ అంటే మైక్రోస్కోపు ముందు కూర్చుని చేసే పని కదా! ఈయన మాత్రం కొండలు కూడా ఎక్కారు.

ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లో కాంగ్రా లోయ ఉంది. అక్కడి ఆడవాళ్లకు, మగవాళ్లకు, పిల్లలకు గాయిటర్, అంటే గొంతువాపు. కొండవానలు మట్టిలోని అయొడిన్‌ను కడిగేస్తే తిండిలోకి అదెక్కణ్ణించి వస్తుంది? 1956లో రామలింగస్వామి, ఆయన సహచరులు ఆ లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు ఇచ్చారు. దాదాపు లక్షమంది జనం. ఐదారేళ్లయ్యాక చూస్తే అయొడిన్ ఉప్పు తిన్న చోట గొంతువాపులు సగానికి తగ్గాయి, మామూలు ఉప్పు తిన్న చోట ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ మామూలు ఉప్పు వాడిన ఊళ్ల తల్లుల్ని తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. లెక్క తేలాక వాళ్లకీ అయొడిన్ ఉప్పే ఇచ్చారు గానీ, ఆలోగా పుట్టిన పిల్లల మాటేమిటి? అయితే ఆ పోలిక లేకపోతే ప్రభుత్వం నమ్మేది కాదేమో. 1962లో జాతీయ గాయిటర్ నివారణ పథకం మొదలైంది.

1969 నుంచి పదేళ్లు ఎయిమ్స్ డైరెక్టరుగా, తర్వాత 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేశారు. గొంతువాపు పైకి కనిపించే గుర్తు మాత్రమే, అసలు దెబ్బ కడుపులోని బిడ్డ మెదడుకన్నది ఆయన పట్టుదల. ఆ రోజుల్లోనే ఎయిమ్స్‌కు చెందిన డాక్టర్ కొచుపిళ్లై బృందం ఉత్తరప్రదేశ్‌లోని గోండా, దేవరియా వంటి జిల్లాల్లో అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించింది. వెయ్యిమందిలో పదులకొద్దీ పసివాళ్లకు థైరాయిడ్ తక్కువని తేలింది. 1986 నుంచి అయొడిన్ ఉప్పును కొండ జిల్లాలకే కాకుండా దశలవారీగా దేశమంతటికీ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 2001 మే 28న కన్నుమూశారు.

ఉప్పుతో తీరనిది ఒకటి మిగిలింది. తల్లి ఎంత మంచి ఉప్పు తిన్నా కొందరు బిడ్డలు థైరాయిడ్ గ్రంథి లేకుండానో, ఉన్నా సరిగా పనిచేయకుండానో పుడతారు. గ్రంథి ఉండీ పనిచేయని రకాల్లో కొన్ని, మనవైపు ఇంకా ఎక్కువగా ఉన్న మేనరికాల్లో వచ్చే అవకాశం పెరుగుతుంది. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన లెక్కలో 1,700 మందికి ఒకరు ఇలాంటివాళ్లు. ఆయన నడిపిన పరిశోధన మండలే ఆయన పోయాక హైదరాబాదుతో సహా ఐదు నగరాల్లో లక్షమందికి పైగా బిడ్డల్ని చూస్తే 1,130 మందికి ఒకరు తేలారు.

పుట్టిన మొదటి రోజు ఆ హార్మోను మామూలుగానే పెరిగి ఉంటుంది. అందుకే రెండు రోజులు దాటాక, ఐదో రోజులోపు మడమ మీద చిన్నగా గుచ్చి నాలుగు చుక్కలు ఫిల్టర్ పేపరు మీద పడతారు. ఆస్పత్రిలో ఎవరూ ఆ మాట ఎత్తకపోతే కాన్పుకు తోడెళ్లిన అమ్మో అత్తో అడగాలి. కామెర్లు ఎన్నాళ్లకూ తగ్గకపోవడం, మలబద్ధకం, బొంగురు ఏడుపు, బొడ్డు ఉబ్బడం వంటివి ఆలస్యంగా కనబడతాయి, వాటికోసం కాచుకోకూడదు. లోపం ఉందని తేలితే రెండు వారాల్లోపు థైరాక్సిన్ మొదలుపెట్టాలి. డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రను నలిపి, చెంచాడు తల్లిపాలలో కలిపి, రోజూ ఒకే వేళకు పడతారు. ఐరన్, కాల్షియం మందులు మాత్రం దాంతోపాటు పట్టరు.