మొదటి సాలార్ జంగ్ - నేను ఆలస్యంగా నేర్చుకున్న లెక్క

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. ముప్పై ఏళ్ళకు పైగా కాస్టింగ్ విభాగంలో అంకెలతో గడిపినవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. అయినా షాలిబండలో ఉంటూ దారుల్‌షిఫా మీదుగా ఎన్నో ఏళ్ళు ఆఫీసుకు వెళ్ళినవాడిగా, మా పాతబస్తీ దివాను మొదటి సాలార్ జంగ్ గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. మ్యూజియం అనగానే అందరికీ ఆ పేరు గుర్తుకొస్తుంది. కానీ అందులోని వస్తువులలో చాలా భాగం సేకరించినది ఆయన మనుమడు మూడవ సాలార్ జంగ్. తాతగారు 1876లో రోములో కొన్న ముసుగు రెబెకా విగ్రహం మాత్రం ఈనాటికీ అక్కడికి వచ్చేవారిని ఆకర్షిస్తూనే ఉంది.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో పినతండ్రి సిరాజ్-ఉల్-ముల్క్ సంరక్షణలో పెరిగారు. ఆ పినతండ్రి దివానుగా ఉండగానే 1853 మే నెలలో బేరారు ఒప్పందం కుదిరి, సైన్యం జీతాల బాకీ కింద ఆ ప్రాంతం ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్ళింది. కొద్ది రోజులకే పినతండ్రి కన్నుమూశారు. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడి మీద దివానుగిరీ పడింది. ఖజానా ఖాళీగా ఉంది. అరబ్బు, రోహిల్లా వడ్డీ వ్యాపారుల దగ్గర ఎన్నో తాలూకాలు తాకట్టులో ఉన్నాయి.

అప్పటి రెవెన్యూ పద్ధతి చూస్తే మన కాస్టింగ్ వాళ్ళకు వెంటనే ఒక సంగతి తడుతుంది. తాలూకాను గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు ఒప్పుకున్న మొత్తమే గురి. వాన పడ్డా పడకపోయినా ఆ మొత్తం రావాలి. రాకపోతే ఆ భారం రైతు మీద పడేది. పంట పోవడం ఎవరి తప్పు, వసూలులో అలసత్వం ఎవరి తప్పు అన్న విచక్షణకు ఆ పద్ధతిలో చోటు లేదు.

సాలార్ జంగ్ ఒక్కరోజులో ఏదీ మార్చలేదు. తాకట్టులో ఉన్న భూములను క్రమంగా విడిపించారు. గుత్తలు తీసేసి జీతం తీసుకునే తాలూక్‌దారులను నియమించారు. 1865 నుండి జిలాబందీ అమలులోకి వచ్చి రాజ్యం జిల్లాలుగా ఏర్పడింది. తరువాత భూమి సర్వే, పన్ను నిర్ణయం మొదలయ్యాయి. హాలీ సిక్కా వచ్చింది. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు రైలు నడిచింది. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు ఆయన కంపెనీ పక్షాన నిలిచారు. దీన్ని తప్పుపట్టేవారు నాటికీ నేటికీ ఉన్నారు. 1860లో రాయచూరు దోఆబు, నల్‌దుర్గం తిరిగి వచ్చాయి, యాభై లక్షల బాకీ రద్దయింది. బేరారు మాత్రం రాలేదు. దాని కోసం 1876లో ఇంగ్లండు దాకా వెళ్ళినా ఫలితం లేకపోయింది. 1883 ఫిబ్రవరి 8న కలరాతో కాలం చేశారు. సుల్తాన్ షాహీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది.

ఇక నా సంగతి. 1973 చివర ముడిచమురు ధర కొన్ని నెలల్లోనే దాదాపు నాలుగు రెట్లయిన విషయం మీకు గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు పనిచేసిన సంస్థలో చమురు మీద ఆధారపడిన ఒక రసాయనానికి లీటరుకు పది రూపాయలని ఏడాది మొదట్లోనే స్టాండర్డ్ ధర వేశాము. ఏడాది చివరికి బజారు ధర పదహారయింది. కొనుగోలు అధికారి బొంబాయి దాకా తిరిగి, వ్యాపారులను బతిమాలి, పదిహేనుకే తెచ్చాడు. వెయ్యి లీటర్లకు లెక్క వేస్తే, నా రిపోర్టులో అయిదు వేల రూపాయల ప్రతికూల వ్యత్యాసం తేలింది. నేను అంతే రాసి సంతకం పెట్టాను. ఆ రిపోర్టు ఆధారంగా అతని ప్రమోషను ఆగిపోయింది.

చాలా ఏళ్ళ తరువాత ఒక శిక్షణ తరగతిలో డెమ్‌స్కీ అనే అమెరికన్ ఆచార్యుడు 1967లోనే ప్రతిపాదించిన పద్ధతి గురించి విన్నాను. ఏడాది ముగిశాక, అప్పటికి తెలిసిన వాస్తవాలతో స్టాండర్డును సరిచేయాలి. పాత స్టాండర్డుకూ సరిచేసిన దానికీ మధ్య తేడా ప్రణాళికా వ్యత్యాసం. అది అంచనా వేసినవారిది. సరిచేసిన దానికీ అసలు ఖర్చుకూ మధ్య తేడా నిర్వహణ వ్యత్యాసం. అది పని చేసినవాడిది. నా లెక్కను ఆ ప్రకారం విడదీస్తే, ఆరు వేలు ప్రణాళికలో ప్రతికూలం, వెయ్యి నిర్వహణలో అనుకూలం. అంటే సంస్థకు వెయ్యి మిగిల్చిన మనిషిని అయిదు వేలు పోగొట్టినవాడిగా నేను చూపించాను. అంచనా వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి!

ఈ పద్ధతిలోనూ ప్రమాదం లేకపోలేదు. సరిచేసిన స్టాండర్డు పని చేసినవాడే చెప్తే, ప్రతి లోటూ ప్రణాళిక మీదికి జారిపోతుంది. అందుకే బజారు ధరలాంటి బయటి ఆధారం ఉండాలి, దాన్ని చూసేవాడు వేరే ఉండాలి. పంట ఎంత పండగలదో భూమిని కొలిచి తేల్చే సర్వే ఉపయోగం కూడా ఇటువంటిదేనని నాకనిపిస్తుంది.

ఒక్క బేరారుతోనే కొలిస్తే సాలార్ జంగ్ ముప్పై ఏళ్ళ దివానుగిరీకి ప్రతికూలమనే రాయాలి. ఆ బాకీ ఆయన చేసినది కాదు, ఆ భూమిని తిరిగి ఇచ్చే అధికారం ఆయన చేతిలో లేదు. తన చేతిలో ఉన్నదానితో ఏం చేశాడన్న కొలతతో చూస్తేనే మనిషి విలువ తెలుస్తుంది.

ఆ కొనుగోలు అధికారి ఇప్పుడు లేడు. బతికి ఉండగా వెళ్ళి నా లెక్క తప్పని చెప్పి ఉండవలసింది, చెప్పలేదు. దారుల్‌షిఫా మీదుగా నడిచినప్పుడల్లా ఆ అయిదు వేల అంకె గుర్తుకొస్తుంది. మీలో ఎవరైనా ఇటువంటి సంతకం పెట్టి ఉంటే, ఆ మనిషి ఇంకా ఉంటే, ఆలస్యం చేయవద్దని నా మనవి.