ఆకాశమునకు కొలబద్ద

హెన్రియెట్టా లెవిట్ 1868వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున జన్మించెను. కళాశాల విద్య ముగిసిన పిమ్మట వ్యాధిగ్రస్తయై క్రమముగా వినికిడిని కోల్పోయెను. ఆ కాలమున హార్వర్డు వేధశాలలో దూరదర్శినులను నడపువారు పురుషులే. ఛాయాపటములను పరిశీలించి లెక్కలు కట్టుట స్త్రీల పని. లెవిట్ అచ్చట గంటకు 30 సెంట్ల వేతనమునకు పనిచేసెను.

ఆ గాజుపలకలపై నక్షత్రములు ఆవగింజకన్న సూక్ష్మములైన నల్లని చుక్కలు. వేర్వేరు రాత్రుల పలకలను సరిపోల్చి, ఏ చుక్క పెరిగినదో, ఏది తగ్గినదో ఆమె గుర్తించుచుండెను. ఇట్లు మాజెల్లాను మేఘములనబడు నక్షత్రరాశులలో 1777 తారల కాంతి మారుచుండుటను కనుగొని 1908లో ప్రకటించెను. పిదప 1912లో, చిన్న మేఘమందు మనకు ఇంచుమించు సమదూరమున నున్న 25 తారలను పరీక్షించి యొక నియమమును స్థాపించెను. వెలుగు హెచ్చి తగ్గుటకు ఎక్కువ దినములు పట్టు తార ఎక్కువ కాంతి గలది. కావున ఆ దినములను లెక్కించిన నిజకాంతి తెలియును; కంటికి తోచు కాంతితో దానిని పోల్చిన దూరము తేలును. దవ్వున నున్న దీపము మసకగా కనబడుట ఎల్లరెఱిగినదే కదా!

కాని ఆ కొలబద్దతో తానే ఆకాశమును కొలుచు అవకాశము ఆమెకు చిక్కలేదు. వేధశాలాధిపతి పికరింగ్ ఆమెను వేఱు పనికి నియోగించెను. 1921లో ఆమె క్యాన్సరు వ్యాధిచే మరణించెను.

రెండేండ్లకు ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా నీహారికలో అట్టి తారను కనుగొనగా, ఆ నీహారిక మన పాలపుంతకు వెలుపలిదని తేలెను. దూరము హెచ్చినకొలది నక్షత్రమండలములు అధికవేగముతో తొలగిపోవుచున్నవని 1929లో ఆతడు చూపెను. ఆ దూరవేగములనుబట్టి వెనుకకు లెక్కించిన విశ్వము వయస్సు అంచనాకు వచ్చును. నేటి లెక్కలలో అది సుమారు 1380 కోట్ల సంవత్సరములు.

1925లో స్వీడను దేశపు గణితవేత్త మిట్టాగ్ లెఫ్లర్, నోబెలు బహుమతికి లెవిట్ పేరు సూచింపదలచి ఆమెకు లేఖ వ్రాసెను. ఆమె మరణించి అప్పటికి మూడేండ్లు దాటినది.