అల్లూరి సీతారామరాజు

అల్లూరి సీతారామరాజు (జూలై 4, 1897 - మే 7, 1924) విశాఖ, గోదావరి మన్యంలో బ్రిటిషు ప్రభుత్వంపై 1922 - 24 లలో సాయుధ తిరుగుబాటు నడిపిన విప్లవ వీరుడు. తిరుగుబాటుకు కావలసిన తుపాకులను ఈయన ప్రభుత్వ పోలీసు స్టేషన్లనుండే సంపాదించాడు.

==తొలి జీవితం==
తండ్రి వెంకట రామరాజు, తల్లి సూర్యనారాయణమ్మ. విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రి చనిపోయాడు. ఉత్తర భారత యాత్ర ముగించుకొని 1917లో నర్సీపట్నం సమీపంలోని కృష్ణదేవిపేట చేరాడు. నర్సీపట్నంనుండి చింతపల్లికి వేస్తున్న రోడ్డు పనిలో గిరిజనులకు న్యాయమైన కూలి ఇవ్వకపోవడం, పోడు వ్యవసాయంపై అటవీశాఖ నిర్బంధాలు ఆ ప్రాంతంలో అసంతృప్తిని రగిలించాయి. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు రాజుకు ముఖ్య అనుచరులయ్యారు.

==ఆయుధాల సమస్య==
మన్యం ప్రజలు వేటలో ఆరితేరినవారు. అయితే వారివద్ద ఉన్నవి విల్లంబులు, నాటు తుపాకులు మాత్రమే. నాటు తుపాకీలో మందు, గుండ్లు గొట్టం మూతిలోనుండి దట్టించి పేల్చాలి. ఒకసారి పేల్చిన తరువాత మళ్ళీ నింపడానికి చాలా సమయం పడుతుంది. వానలో మందు తడిస్తే అసలే పేలదు. దగ్గరకు వచ్చిన జంతువును కొట్టడానికి అది చాలు గాని, దూరంనుండి గురి తప్పక కాల్చే తూటా తుపాకులున్న దళాలతో పోరాటానికి చాలదు. ఫ్యాక్టరీలో తయారైన తుపాకీ కొనాలంటే 1878 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. తిరుగుబాటుదారులకు లైసెన్సు దొరకదు. దొరికినా, రోజు కూలికి నోచుకోనివారికి అంత డబ్బు ఎక్కడిది? అందువలన పోలీసు స్టేషన్లే మిగిలాయి.

1922 ఆగష్టు 22న సుమారు 300 మందితో చింతపల్లి స్టేషనుపై దాడి చేసి 11 తుపాకులు, 1390 గుళ్ళు, 14 బాయొనెట్లు, 5 కత్తులు పట్టుకున్నారు. మరునాడు కృష్ణదేవిపేటలో 7, ఆగష్టు 24న రాజవొమ్మంగిలో 8 తుపాకులు లభించాయి. మూడు రోజులలో మొత్తం 26 తుపాకులు, 2500కు పైగా గుళ్ళు వశమయ్యాయి. తీసుకొన్న వస్తువుల వివరాలను స్టేషను రికార్డులో రాసి, రాజు సంతకం చేయడం ఈ దాడులలోని విశేషం. దొంగతనంగా కాక బాహాటంగా తీసుకొంటున్నామని చాటడమే దీని ఉద్దేశ్యమనుకోవచ్చు.

==పోరాటం==
సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచి ఉన్న రాజు దళం స్కాట్ కవర్డ్, హైటర్ అనే పోలీసు అధికారులను కాల్చి చంపింది. వారి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.

ఆ తరువాత ప్రభుత్వం జాగ్రత్త పడింది. అక్టోబరు 15న రాజు ముందుగా కబురు చేసి మరీ అడ్డతీగల స్టేషనుకు వెళ్ళాడు గాని, ఆయుధాలను అప్పటికే తప్పించారు. రంపచోడవరంలోను ఇదే జరిగింది. గుళ్ళు మాత్రం ప్రతి పోరులో ఖర్చవుతూనే ఉన్నాయి. తూటాలు అడవిలో తయారయ్యే వస్తువు కాదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద పగలు జరిగిన పోరులో నలుగురు అనుచరులు మరణించారు, కొన్ని తుపాకులు కూడా పోయాయి. ఆ రాత్రి విడిదిపై జరిగిన దాడిలో మరో ఎనిమిదిమంది చనిపోయారు. ఇది రాజుకు కోలుకోలేని దెబ్బ.

==మరణం==
1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924లో అస్సాం రైఫిల్స్ దళాలు మన్యంలో దిగాయి. మే 7న మంప వద్ద పట్టుబడిన రాజును కొయ్యూరులో మేజర్ గుడాల్ విచారణ లేకుండా కాల్చి చంపించాడు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. అండమాన్ జైలునుండి తిరిగివచ్చిన మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.