పాట్రిక్ గెడ్డెస్: కూల్చొద్దు, వాడంతా కలిసి బాగుచేసుకుందాం అన్న పెద్దాయన.. సిద్దిపేటకూ పనికొచ్చే కథ

సిద్దిపేట: ఎండాకాలం వస్తే స్లాబు ఇల్లు రాత్రయినా చల్లబడదు. కూలర్ ఆపితే నిద్ర పట్టదు, ఆపకపోతే కరెంటు బిల్లు మోత. ఉన్న ఇళ్లనే చల్లగా మార్చుకోవాలి. అదీ ఒక్కొక్కటిగా కాదు, వాడ మొత్తం ఒకేసారి. అదెలా? వందేళ్ల కిందటే దీనికి దగ్గరి దారి చూపించారు సర్ పాట్రిక్ గెడ్డెస్. మన ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ ప్లాన్‌లో ఎర్నెస్ట్ జాస్పర్‌తో పాటు ఈయన చెయ్యి కూడా ఉంది.

ఎవరీ గెడ్డెస్?

1854 అక్టోబర్ 2న స్కాట్లాండ్‌లో పుట్టారు. చదివింది జీవశాస్త్రం. మెక్సికోలో పరిశోధన చేస్తుండగా కొన్నాళ్లు చూపు పోయింది. చూపు తిరిగొచ్చినా మైక్రోస్కోప్ పని కష్టమైంది. దాంతో ఆయన దృష్టి ఊళ్ల మీదికి మళ్లింది.

1886లో ఆనాను పెళ్లి చేసుకున్నారు. కొత్త జంట కాపురం పెట్టింది ఎక్కడో తెలుసా? ఎడిన్‌బరోలోని మురికివాడ జేమ్స్ కోర్ట్‌లో. ఇరుగుపొరుగును కలుపుకొని ఊడ్చారు, సున్నాలు వేశారు, కిటికీల్లో పూలకుండీలు పెట్టారు. పాత ఇళ్లను కూల్చకుండా రిపేర్ చేయించారు.

సముద్రంలో మునిగిన శ్రమ

1914లో ఇండియాకు బయల్దేరారు. నగరాల మీద ఆయన ఏళ్ల తరబడి కూర్చిన మ్యాపులు, బొమ్మలు మరో ఓడలో వస్తున్నాయి. జర్మన్ యుద్ధనౌక ఎండెన్ దాన్ని ముంచేసింది. స్నేహితులు మళ్లీ పోగుచేసి పంపితే, 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టారు. 1917లో యుద్ధంలో కొడుకు పోయాడు. అదే ఏడాది కలకత్తాలో భార్య కన్నుమూశారు. అయినా పని ఆపలేదు.

తంజావూరు లాంటి ఊళ్లలో ఇరుకు వీధులను కూల్చి రోడ్లు వేద్దామన్న ప్లాన్లను కాదన్నారు. పాడైన ఇల్లు ఒకటి తీసేస్తే చాలు, గాలీ వెలుతురూ వస్తాయి, ఖర్చూ తగ్గుతుందని లెక్కగట్టి చూపించారు. చెరువులు పూడ్చొద్దని వాదించారు. నీళ్లుంటే గాలి చల్లబడుతుంది, దోమల సంగతి చేపలు చూసుకుంటాయన్నది ఆయన లెక్క. కోమటి చెరువు గట్టున సాయంత్రం కూర్చున్నవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

ఇందోర్ ఐడియా

అసలు కథ ఇందోర్‌లో. ప్లేగు భయంతో ఊరు వణుకుతోంది. దీపావళి ఊరేగింపు మామూలు దారిలో కాదు, ఇళ్లను ఎక్కువగా శుభ్రం చేసి బాగుచేసుకున్న వీధుల గుండానే పోతుందని ప్రకటించారు. చెత్త ఉచితంగా ఎత్తించారు. అంతే, వాడల మధ్య పోటీ మొదలైంది. గోడలకు సున్నం పడింది, తులసి మొక్కలు ఇంటింటికీ చేరాయి.

ఇప్పుడు మన దగ్గరికొస్తే, 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. దాని ప్రకారం 600 గజాలు, ఆపైన స్థలాల్లోని ఇళ్లకే చల్లని పైకప్పు తప్పనిసరి. చిన్న ఇళ్లకు అది యజమాని ఇష్టం. అంటే గల్లీల్లోని చాలా ఇళ్లు చట్టంతో కదలవు, పక్కింటిని చూసి కదలాలి. గెడ్డెస్ నమ్ముకున్నది సరిగ్గా ఆ పక్కింటివాళ్లనే.

1932లో ఆయనకు సర్ బిరుదు దక్కింది. అదే ఏడాది ఏప్రిల్ 17న ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో కన్నుమూశారు.