న్యూమను చూచిన అద్దము

తన విశ్వాసము ఏ పూర్వాచార్యుని విశ్వాసమును పోలియున్నదని విచారించుకొనుట మతచింతన గలవారికి సహజము. మన దేశమున అద్వైతి శంకరుని, విశిష్టాద్వైతి రామానుజుని ఆశ్రయించును. తరచుగా మనము మనకు నచ్చిన ఆచార్యుని ముందుగా ఎన్నుకొని, పిదప ఆయన మాటలలో మన మాటలను వెదకికొందుము. ఇంగ్లండు దేశపు మతాచార్యుడు జాన్ హెన్రీ న్యూమను కూడ అట్లే ప్రారంభించెను. కాని చదువు ఆయనను వేరొక చోటికి కొనిపోయెను.

న్యూమను 1801 ఫిబ్రవరి 21వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి బ్యాంకు వ్యాపారి. 1816లో ఆ బ్యాంకు మూతపడెను. పదునైదేండ్ల బాలుడు ఆ వేసవిసెలవులలో పాఠశాలయందే నిలిచిపోవలసివచ్చెను. ఆ నెలలలోనే ఆయనకు దైవచింతన బలపడెను. అప్పుడు చదివిన ఒక సంఘచరిత్రలో అగస్టీను, ఆంబ్రోజు మొదలగు ప్రాచీనాచార్యుల రచనాభాగములు ఆయన మనస్సును ఆకర్షించెను. ఆక్స్‌ఫర్డులోని ట్రినిటీ కళాశాలలో చదివి, 1822లో ఓరియల్ కళాశాల ఫెలోగా ఎన్నికయ్యెను. 1828లో సెయింట్ మేరీ చర్చికి గురువయ్యెను. ఆ వేసవిలోనే ప్రాచీనాచార్యులను కాలక్రమమున చదువుటకు పూనుకొనెను.

వారిలో ఆయన హృదయమును చూరగొన్నవాడు అలెగ్జాండ్రియా పీఠాధిపతి అథనేషియసు. క్రీస్తు సృష్టింపబడినవాడేయని బోధించిన ఏరియసు మతమును నాలుగవ శతాబ్దమున ఎదిరించి, అందులకై ఐదుమారులు ప్రవాసమనుభవించిన ధీరుడాయన. న్యూమను 1833లో ఆ వివాదమును గూర్చియే తన మొదటి గ్రంథమును వెలువరించెను.

ఆ యేడే ఆక్స్‌ఫర్డు ఉద్యమము మొదలయ్యెను. గాంధీమహాత్మునకు ప్రియమైన ‘లీడ్ కైండ్లీ లైట్’ గీతమును న్యూమను ఇటలీ యాత్రనుండి మరలుచు నావలో వ్రాసినదియు ఆ యేడే. జాన్ కీబుల్, ఎడ్వర్డ్ ప్యూసీ ఆ ఉద్యమమున ఆయనకు సహచరులు. ఇంగ్లండు సంఘము రోమునకును ప్రొటెస్టంటులకును నడుమనున్న మధ్యమార్గమనియు, ప్రాచీనాచార్యుల విశ్వాసము దానియందు చెడక నిలిచియున్నదనియు వారి వాదము. తాను అథనేషియసు పక్షమున నున్నట్లే న్యూమను నమ్మెను.

1839 వేసవిలో ఆయన ఐదవ శతాబ్దపు ఏకస్వభావవాదుల చరిత్రను చదువ మొదలిడెను. క్రీస్తునందలి దైవస్వభావము, మానవస్వభావము కలిసి ఒకటేయైనవని యుటికెసు అను సన్న్యాసి బోధించెను. రెండును కలగలియక నిలిచియున్నవని రోము పోపు లియో లేఖ వ్రాసెను. 451లో కాల్సిడను మహాసభ లియో పక్షమును అంగీకరించెను. యుటికెసును త్రోసివేసియు, ఆ మహాసభ తీర్పును ఒప్పుకొనక నడుమ నిలిచినవారు పెక్కుమంది యుండిరి. (వారి సంప్రదాయమునకు చెందిన సంఘములు ఈజిప్టు, సిరియా, మన కేరళములందు నేటికిని కలవు, ఏకస్వభావవాదులను పేరును అవి అంగీకరింపవు.)

న్యూమను ఉలికిపడెను. ఒక అంచున యుటికెసు, మరొక అంచున రోము, నడుమ మధ్యమార్గము! ఆ చరిత్ర ఆయనకు అద్దమయ్యెను. అందు కనబడిన తన ముఖము అథనేషియసు ముఖము కాదు, సంఘము త్రోసిపుచ్చినవారి ముఖము. ఆ యేడే అగస్టీను వాక్యమొకటి మరల ఎదురయ్యెను. తామే పవిత్రులమని విడిపోయిన ఉత్తరాఫ్రికా డొనాటిస్టులను ఖండించుచు, సర్వలోకమునందలి సంఘము చేయు తీర్పే నమ్మదగినదని ఆయన వాదించియుండెను. బాల్యమున మురిపించిన ఆచార్యుడే ఇప్పుడు ఎదుటిపక్షమున నిలిచెను. 1841లో అథనేషియసు గ్రంథములను అనువదించుచుండగా మూడవ దెబ్బ తగిలెను. ఆ వివాదమునందును ఏరియసు పక్షమునకును రోమునకును నడుమ ఒక మధ్యవర్గము కలదు. ఇంగ్లండు సంఘము ఆ వర్గమునే పోలియుండెను.

పోలిక ప్రమాణము కాదు. అవే గ్రంథములను అంతే శ్రద్ధతో చదివిన ప్యూసీ, కీబుల్ కడవరకు ఇంగ్లండు సంఘమునందే యుండిరి. న్యూమను కూడ ఒక పోలికను పట్టుకొని పరుగిడినవాడు కాడు. ఆరేండ్లు తర్కించుకొనెను. కాని అద్దములో కనబడిన దానిని కనబడలేదని మాత్రము అనలేదు.

1842లో ఆక్స్‌ఫర్డు చెంతనున్న లిటిల్‌మోర్ గ్రామమునకు చేరెను. 1843లో సెయింట్ మేరీ పదవిని వదలెను. 1845 అక్టోబరులో ఓరియల్ ఫెలో పదవికిని రాజీనామా పంపెను. ఆ నెల 8వ తేది రాత్రి వానలో తడిసి వచ్చిన డొమినిక్ బార్బేరి అను ఇటలీ గురువు ఎదుట మోకరిల్లెను. మరునాడు కాథలిక్ సంఘమున చేరెను. అప్పటికాయనకు నలువదినాలుగేండ్లు. చెల్లెలు హారియెట్ ఆయనతో సంబంధము తెంచుకొనెను. 1846లో విడిచిన ఆక్స్‌ఫర్డులో మరల అడుగుపెట్టినది 1878లోనే. నడుమ రైలునుండి దాని గోపురశిఖరములను చూచుటతో తృప్తిపడెను.

తరువాతి జీవితము ఎక్కువభాగము బర్మింగుహాములో గడచెను. 1864లో చార్లెస్ కింగ్‌స్లీ ఆయన సత్యసంధతను శంకింపగా, తన మతచరిత్రను తానే ‘అపొలోజియా’ అను గ్రంథముగా వ్రాసి బదులుచెప్పెను. 1879లో కార్డినల్ అయ్యెను. 1890 ఆగస్టు 11వ తేదీన మరణించెను. రోము సంఘము 2019లో ఆయనను పునీతునిగా ప్రకటించి, 2025 నవంబరులో అథనేషియసు, అగస్టీను, లియో పేర్లున్న సంఘపండితుల పట్టికలో చేర్చెను.

ఆ గౌరవములన్నిటికి ముందు జరిగినదొకటి కలదు. 1865 సెప్టెంబరులో న్యూమను హర్స్‌లీ గ్రామమునకు కీబుల్‌ను చూడబోయెను. వారు కలిసికొని ఇరువదేండ్లు కావచ్చెను. కీబుల్ వాకిటనే నిలిచియుండెను. ఒకరినొకరు గుర్తింపలేదు. న్యూమను తన పేరుగల కార్డును చూపవలసివచ్చెను. అనుకోకుండ ప్యూసీయు ఆనాడు అచ్చటనే యుండెను. ముగ్గురును కలిసి భోజనము చేసిరి. మరుసటి మార్చినెలలో కీబుల్ మరణించెను.