భక్తసింగ్: రాకడకై వేచిన యాత్రికుడు

హైదరాబాదు పాతనగరమునకును, కాలాంతమును గూర్చిన తలంపునకును పుట్టుకతోనే చుట్టరికము కలదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీనది దక్షిణపు గట్టున చార్మినారును ఎత్తించినది 1591లో. ఆ యేటనే హిజరీశకపు వెయ్యవ సంవత్సరము ప్రవేశించెను. వేయి నిండుటతో లోకమునకు అంతము సమీపించుననియో, ధర్మమును నిలువబెట్టు మహాపురుషుడు వచ్చుననియో ఆనాడు మహమ్మదీయ దేశములలో అనేకులు ఎదురుచూచుచుండిరి. ఉత్తరమున అక్బరు పాదుషా ఆ వేయేండ్ల చరిత్రను వ్రాయుటకు పండితులను నియమించెను. చార్మినారునకు కొలదిదూరమున చంచల్‌గూడలో నివసించు మహదవీలు, రావలసిన మహదీ జౌన్‌పురపు సయ్యద్ మహమ్మదు రూపమున అంతకు శతాబ్దము ముందే వచ్చిపోయెనని నేటికిని విశ్వసింతురు. ఇక తెలుగు పల్లెలలో కరవు వచ్చినను వరద వచ్చినను వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము జ్ఞప్తికి రాక మానదు. రానున్నదానిని గూర్చిన భయము, ఆశ ఈ నేలకు క్రొత్తవి కావు.

పాతనగరమునుండి మూసీని దాటి ఉత్తరముగా పోయినచో ముషీరాబాదు చెంత గోల్కొండ చౌరస్తా అను కూడలి వచ్చును. పేరు విని కోటను వెదకికొనుచు పోయినవాడు దారి తప్పును. కోట అచ్చటికి పడమట మైళ్ళ దూరమున నున్నది. ఈ కూడలి చెంత హెబ్రోను అను ప్రార్థనామందిరము కలదు. పంజాబులో పుట్టి, ఇంజనీరు కావలెనని సముద్రములు దాటి, చివరకు తెలుగువారి నడుమ అర్ధశతాబ్దము గడపిన భక్తసింగ్ దీనిని కేంద్రముగా చేసికొనెను. క్రీస్తు మరల వచ్చునను నమ్మికను ఆయన తన సంఘముల ఆరాధనలోనికి ఎట్లు దింపెనో, ఆ నమ్మిక ఆయనను చివరి పడకవరకు ఎట్లు పరీక్షించెనో ఆయన జీవితములో చూడవచ్చును.

భక్తసింగ్ 1903 జూన్ 6న జోయియా గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు పాకిస్తానులో నున్నది. తండ్రి జవాహర్‌మల్ ఛాబ్రా, తల్లి లక్ష్మీబాయి. బాలుడు సిక్కుమతములో పెరిగెను. మిషను పాఠశాలలో చదివినను క్రైస్తవులనిన ఆయనకు ఏవగింపు. అచ్చట తనకు లభించిన బైబిలును చించివైచి, తోలు అట్ట అందముగా నుండుటచే దానిని మాత్రము దాచుకొనెను. ఈ సంగతిని తరువాతి కాలమున ఆయనే సభలలో దాపరికము లేక చెప్పుచుండెడివాడు.

1926లో ఇంజనీరింగు విద్యకై లండను నగరమునకు పోయెను. మతము మార్చుకొనడని నమ్మకము కలిగిన పిమ్మటనే తల్లి ఆ ప్రయాణమునకు తోడ్పడెను. లండనులో కేశములు కత్తిరించుకొనెను. పొగత్రాగుట, మద్యము, నాట్యము మొదలగు వేడుకలు అలవడెను. తల్లికిచ్చిన మాట నిలిచినది గాని, ఆ మాటకు వెనుకనున్న మతము నిలువలేదు.

1928లో కెనడాకు పోవు ఓడలో ఒకనాడు క్రైస్తవారాధన జరిగెను. తోడి ప్రయాణికులతో మర్యాదకొరకు భక్తసింగ్ కూడ అందు కూర్చుండెను. అందరును మోకరించినపుడు తాను మోకరించుటకు జాత్యభిమానము, విద్యాగర్వము అడ్డువచ్చెను. వానిని త్రోసికొని మోకాళ్ళూనెను. అంతవరకు ఏవగించుకొనిన నామమే ఆ క్షణమున తనకు ప్రియమైనదని ఆయన సాక్ష్యము. మరుసటి యేడు కెనడాలోని విన్నిపెగ్‌లో వ్యవసాయ ఇంజనీరింగు చదువుచు, డిసెంబరులో ఒక మిత్రునియొద్ద బైబిలు అడిగి తీసికొని, రాత్రింబవళ్ళు చదివి, విశ్వాసి యయ్యెను. 1932 ఫిబ్రవరి 4న వాంకూవరులో బాప్తిస్మము పొందెను. ఈ వరుస గమనింపదగినది. సిద్ధాంతమును చదివి ఒప్పుకొని ఆరాధించినవాడు కాడు. మోకరించిన పిమ్మట చదివినవాడు. ఆయన స్థాపించిన సంఘములలో ఆరాధనకు అంత పెద్దపీట లభించుటకు మూలమిచ్చట నున్నది.

1933 ఏప్రిల్ 6న బొంబాయిలో ఓడ దిగెను. తలిదండ్రులు ఏడేండ్ల తరువాత కుమారుని చూచుటకు రేవునకు వచ్చిరి. వారు కోరినది స్వల్పమే: నీవు నమ్మినదానిని నమ్ముకొనుము గాని కుటుంబగౌరవమునకై ఆ మాట బయట పెట్టకుము. కుమారుడు ఒప్పుకొనలేదు. ఊపిరిని దాచి బ్రతుకుట సాధ్యము కానట్లే దీనిని దాచి బ్రతుకుట తనకు సాధ్యము కాదనెను. వారు ఆయనను అచ్చటనే విడిచి వెడలిపోయిరి. ఆ తల్లి దుఃఖము చిన్నది కాదు; తాను నమ్మి పంపిన కుమారుడు తన కన్నుల యెదుటనే పరాయివా డయ్యెను. విదేశవిద్య పొందిన ఆ యువకుడు ఆనాటినుండి జీతము లేక, ఏ మిషనుకును ఉద్యోగి కాక, బొంబాయి వీథులలో నిలువబడి ప్రకటించుట ఆరంభించెను.

కరాచీ, పంజాబు ప్రాంతములలో కొన్నియేండ్లు తిరిగెను. 1937లో మార్టిన్‌పూరులో ఆయన బోధవలన గొప్ప ఉజ్జీవము కలిగెను. తరువాత మద్రాసునకు వచ్చెను. 1941లో పల్లావరపు కొండపై కొందరు సహచరులతో రాత్రియంతయు ప్రార్థనలో గడపి, మిషను సంఘములకు వెలుపల స్వతంత్రసంఘము నేర్పరచుటకు నిశ్చయించెను. ఆ యేటనే మద్రాసులో ఒక గృహమున కూడికలు ఆరంభమయ్యెను. ఆ గృహమునకు ఆయన పెట్టిన పేరు యెహోవా షమ్మా.

ఆ పేరులోనే ఆయన బోధసారము కొంత ఇమిడియున్నది. బబులోను చెరలోనున్న యెహెజ్కేలు ప్రవక్త, కూలిన యెరూషలేమునకు బదులుగా కడవరి దినములలో వెలయనున్న నగరమును దర్శనములో చూచి, కొలతలతో సహా వర్ణించెను. ఆ గ్రంథపు చిట్టచివరి వాక్యములో ఆ నగరమునకు పేరు పెట్టబడెను. దేవుడు అచ్చట నున్నాడని దాని యర్థము. రాబోవు నగరపు పేరును అద్దె ఇంటి సమానమైన నేటి గృహమునకు పెట్టుట సాహసమే. అయినను ఆరాధించువారు కూడినచోట రానున్న రాజ్యము కొంత ముందుగానే వచ్చినట్లు ఆయన భావించెను.

ఆ కాలమెట్టిదో జ్ఞాపకము చేసికొనవలెను. మొదటి పరిశుద్ధ సమావేశములు మద్రాసులో జరిగినది 1941 డిసెంబరున. ఆ నెలలోనే జపాను యుద్ధమున దిగెను. కొలది మాసములకు, బాంబులు పడునను భీతిచే జనులు మద్రాసును విడిచి పల్లెలకు పరుగులెత్తిరి. అట్టివేళ ప్రవచనములను యుద్ధవార్తలతో జతచేసి, ఇదిగో ఈ యేడే అంతమని చెప్పు బోధకునికి శ్రోతలు కొరవడరు. అమెరికాలో విలియం మిల్లరు అనుచరులు దానియేలు గ్రంథములోని సంఖ్యలను లెక్కించి, 1844 అక్టోబరు 22న క్రీస్తు వచ్చునని నమ్మి, కొందరు పంటలు సైతము కోయక ఎదురుచూచిరి. ఆ దినము గడచిపోయెను. మరునాటి ఉదయము వారికి కలిగిన దుఃఖమును చరిత్రకారులు మహానిరాశ యని పేర్కొందురు. భక్తసింగ్ క్రీస్తు రాకడ సమీపమనియే బోధించెను గాని దానికి తిథి నిర్ణయించు పనికి పూనుకొనలేదు.

తిథిలేని నిరీక్షణ దినదినము ఎట్లు నిలుచును? నెల నెలకు అది చల్లబడక యుండుట ఎట్లు? భక్తసింగ్ దానికి ఆదివారపు ఆరాధనను ఆధారముగా చేసికొనెను. రొట్టె విరుచుటను గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసినపుడు, గడచిన మరణమును స్మరించుటయే గాక, ప్రభువు తిరిగి వచ్చుటను ఆ ఆచరణకు గడువుగా పెట్టెను. కనుక బల్లచెంతకు వచ్చు ప్రతివాడును వెనుకకును ముందునకును ఒక్కసారిగా చూచును. అనేక సంఘములలో నెలకొకసారియో అంతకంటె అరుదుగానో జరుగు ఈ ఆచరణ భక్తసింగ్ సంఘములలో ప్రతి ఆదివారము జరుగును. చెప్పులు బయట విడిచి, చాపలపై స్త్రీలొకవైపు పురుషులొకవైపు కూర్చుందురు. స్త్రీలు ముసుగు వేసికొందురు. అచ్చుపడిన ప్రార్థనాక్రమము లేదు. చదువురాని కూలీయైనను లేచి తన మాటలతో స్తుతింపవచ్చును. పాటలు, స్తుతి, రొట్టె, పాత్ర, వాక్యబోధ కలిసి గంటలకొలది సాగి మధ్యాహ్నము దాటును. ఆపైన అందరును వరుసలుగా కూర్చుండి అన్నము, కూర భుజింతురు. దీనికి ప్రేమవిందని పేరు.

ఈ పంక్తిభోజనమును చిన్నవిషయముగా త్రోసివేయరాదు. క్రైస్తవులలో సైతము మాల మాదిగ భేదములు, అగ్రకులమునుండి వచ్చితిమను భేదములు సమసిపోని తెలుగునాట, ఎవరి ప్రక్క ఎవరు కూర్చుండి తిందురన్నది వేదాంతమును మించిన ప్రశ్న. పరలోకవిందులో అన్నిజనములును కలిసి కూర్చుందురని పాడుట సులభము. అదే ఆదివారము మధ్యాహ్నము ప్రక్కవాని విస్తరిచెంత కూర్చుండుట ఆ పాటకు పరీక్ష.

1950 ప్రాంతమున హైదరాబాదు ఆయన నివాస మయ్యెను. నిజాము రాజ్యము భారతదేశమున కలిసి అప్పటికి రెండేండ్లు. హెబ్రోను అను పేరు అబ్రాహాము కథలోనిది. ఆ నేలయంతయు నీదేయని వాగ్దానము పొందిన అబ్రాహాము హెబ్రోనులో గుడారములోనే నివసించెను. భార్య చనిపోయినపుడు పాతిపెట్టుటకు కొంత భూమిని అచ్చటనే వెల యిచ్చి కొనవలసి వచ్చెను. వాగ్దానమునకు వారసుడు, అనుభవమున పరదేశి. ఈ స్థితియే క్రైస్తవుని స్థితియని భక్తసింగ్ నమ్మిక.

ఏటేట హెబ్రోనులో జరుగు పరిశుద్ధ సమావేశములు ఆ గుడారపు జీవితమును వేలమందికి అనుభవమునకు తెచ్చెను. ఇశ్రాయేలీయులు పర్ణశాలల పండుగనాడు ఇండ్లు విడిచి కొమ్మలతో కట్టిన పాకలలో వసింపవలెనని లేవీయకాండము విధించినది. అట్లే కోస్తా జిల్లాలనుండియు తెలంగాణమునుండియు తమిళ, కన్నడ దేశములనుండియు కుటుంబములు మూటలతో వచ్చి, పందిళ్ళక్రింద దినములకొలది నివసించెడివి. భక్తసింగ్ ఆంగ్లములో బోధించుచుండగా ప్రక్కనే నిలిచి మరియొకరు తెనుగు చేయుచుండిరి. భోజనములకు రుసుము లేదు, చందాల విజ్ఞాపన లేదు. ఇచ్చినవారు ఇచ్చినదానితో వంట జరిగెడిది. వాక్యములు వ్రాసిన పతాకములు పట్టుకొని పాడుచు వీథులలో ఊరేగింపుగా పోవుటయు కలదు. అనేక పతాకములను చూచిన నగరమునకు ఇవి కూడ కొన్నినాళ్ళ వింత, ఆపైన అలవాటు.

ఆయనపై ఆక్షేపణలు లేకపోలేదు. మిషను సంఘములవారు తమ మందలోని గొఱ్ఱెలను ఆయన తోలుకొనిపోయెనని నిందించిరి. అందు సత్యము కొంత కలదు. ఆయన సంఘములలో తొలుత చేరినవారిలో అనేకులు ఆంగ్లికను, మెథడిస్టు, బాప్టిస్టు సంఘములలో పెరిగినవారే. ఆ సంఘములు నెలకొల్పిన బడులు, ఆసుపత్రులు లేనిచో ఆయన శ్రోతలలో పలువురికి బైబిలు చదువుటయే వచ్చియుండెడిది కాదు. రాకడ సమీపమని తలచువాడు శతాబ్దము నిలుచు సంస్థలను కట్టుటకు తొందరపడడు. అది ఆ నమ్మికలోని బలము, లోపము కూడ. అయినను విదేశధనము, విదేశాధికారము లేకయే భారతీయులు తమ ఆరాధనను తామే నడపుకొనగలరని చూపిన ఘనత ఆయనది. 1946 డిసెంబరులో కెనడాలోని టొరంటోలో విద్యార్థుల మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించెను. నాడు బైబిలు చించిన బాలుడు పాశ్చాత్య యువకులకు బోధకు డగుట వారికిని వింతగా తోచియుండును.

చివరి సంవత్సరములలో పార్కిన్సన్స్ వ్యాధి ఆయనను పడకకు అంటగట్టెను. గంటలకొలది ప్రార్థనలో మోకరించిన శరీరము పరుల చేతులమీద కదలవలసి వచ్చెను. వేల జనులకు వినబడిన కంఠము సన్నగిల్లెను. ప్రభువు రాకడకు ముందుగా మరణమే వచ్చునని ఆ గదిలోనివారికి తెలియని సంగతి కాదు. ప్రతి ఆదివారము హెబ్రోనులో మాత్రము రొట్టె విరువబడుచునే యుండెను.

2000 సెప్టెంబరు 17న తెల్లవారుజామున ఆయన మరణించెను. అది ఆదివారము. హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన తేదీయు అదియే. ఐదుదినముల తరువాత, 22న, శవపేటిక వెంట నారాయణగూడ శ్మశానవాటికకు నడచినవారు రెండున్నర లక్షలని ఆయన అనుచరుల అంచనా.

థెస్సలొనీకలోని తొలి క్రైస్తవులకు ఒక దిగులు పట్టుకొనెను. ప్రభువు త్వరగా వచ్చునని వారు ఎదురుచూచుచుండగా తమలో కొందరు మరణించిరి. వచ్చుదినమున ఈ పోయినవారి గతి యేమి? పౌలు వారిని ఏడువవద్దనలేదు. నిరీక్షణ లేనివారివలె ఏడువవద్దని మాత్రము వ్రాసెను. పోయినవారే ముందు లేతురని చెప్పెను. నారాయణగూడలో మట్టివేసి తిరిగి వచ్చినవారిలో ఆ పత్రికను ఎరుగనివారు అరుదు. రెండుదినములకు మరల ఆదివారము వచ్చెను. హెబ్రోనులో చాపలు పరచిరి; బల్లపై రొట్టె, పాత్ర పెట్టిరి.